బావ కొమ్ముల హ్యాండిల్

మొన్న మా అమ్మాయికి సైకిల్ కొందామని జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గరి ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణం ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, "హ్యాండిల్ ఎసొంటిది కావాలె సార్? సాపుదా, వంగినదా?" అని అడిగాడు. నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. తన మాటలో నవ్వడానికి ఏముందో అర్థంకాక ఆయన మా అమ్మాయి వైపు చూశాడు.

"మా మామ యాదికొచ్చిండు కావచ్చు అంకుల్" అని అమ్మాయి సర్దిచెప్పింది.

ఆ మామ అంటే మా అక్క భర్త, నాకు బావ. పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం తన దుకాణంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పటినుంచి మా ఇళ్లలో ఆయన మాట వస్తే అందరం గొంతు తగ్గిస్తున్నాం. బతికుండగా మేం ఆయన గురించి గొంతు తగ్గించి మాట్లాడినవాళ్లం కాదు. ఎదుటే, వినబడేటట్టే ఆటపట్టించేవాళ్లం. ఆయనకూ అదే అలవాటు. అందుకని ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.

బావది కోరుట్లలో మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగు, ఫాల్సు, లేసులు. ఎవరైనా చీర తెచ్చి దీనికి జాకెట్టు ముక్క కావాలంటే, ముందు చీరను గడప దాకా తీసుకుపోయి ఎండలో చూసేవాడు. తర్వాత లోపలికి వచ్చి ట్యూబులైటు కింద చూసేవాడు. ఆ తర్వాత అడిగేవాడు:

"ఫంక్షనుకు పొద్దుగాల పోతరా, మాపటికి పోతరా?"

"ఎందుకన్నా?"

"ఎండకు ఒక రంగు, లైటుకు ఒక రంగమ్మా. మీరు ఎప్పుడు పోయేది చెప్తే, గా టైముకు కలిసేది ఇస్త."

ఇంత చేసీ, ఆమె రెండు ముక్కలు చేతిలో పట్టుకుని కాసేపు తటపటాయిస్తే ఆయనకు ఓపిక ఉండేది కాదు. "ఒక్క జాకెట్టు ముక్కకు గింత ఆలోచన జేస్తె సంసారం ఎట్ల నడుపుతరమ్మా" అనేవాడు. వాళ్లు నవ్వుకుంటూ రెండూ కొనుక్కుపోయేవాళ్లు.

ఆయన ఎడమ చేతి మీద ఎప్పుడూ ఏదో ఒక గుడ్డ వేలాడుతూ ఉండేది. చూసేవాళ్లు అది దుకాణదారుడి అలవాటు అనుకునేవాళ్లు. సిరిసిల్లలో వాళ్లది నేత కుటుంబం. పడుచుతనంలో అన్నతో కలిసి మరమగ్గాలు నడిపేవాడు. వాటిని అక్కడ సాంచాలు అంటారు. ఒక రోజు తెగిన పోగు అతుకుతుండగా సాంచా నడిచింది. ఎడమ చేతి మధ్య వేలు, ఉంగరం వేలు పోయాయి. స్విచ్చి వేసింది అన్న. తర్వాత బావ కోరుట్లకు వచ్చి ఈ దుకాణం పెట్టుకున్నాడు. అన్నదమ్ములు పెళ్లిళ్లలో, చావుల్లో కలిసేవాళ్లు. వానల గురించి మాట్లాడుకునేవాళ్లు. కానీ అన్న ఇంటి గల్లీలో బావ ఏళ్ల తరబడి అడుగుపెట్టలేదు. దుకాణం దాటితే ఆ చెయ్యి జేబులో ఉండేది. ఫోటోల్లో పక్కవాళ్ల వీపు వెనుక ఉండేది. అక్కతో ఆయన పెళ్లి ఆల్బం అంతా తిరగేసినా ఎడమ చెయ్యి ఒక్కచోట కనబడదు. మా ఇంట్లో ఎవరం దాని ఊసెత్తేవాళ్లం కాదు. మేం ఆటపట్టించని విషయం ఆయనలో అదొక్కటే.

షుగరు వచ్చిందని డాక్టరు రోజూ నడవమన్నాడు. "నడుసుడు నాతోని గాదు. ఎవలన్న తరిమితే నడుస్త" అని బావ తేల్చేశాడు. సరిగ్గా అప్పుడే ఎదురింటాయన దుబాయ్‌లో పని మానుకుని వచ్చేస్తూ, తను తొక్కిన రోడ్డు సైకిల్‌ను విప్పి పెట్టెలో పెట్టుకొచ్చాడు. బరువు ఎక్కువైందని సగం సామాను అక్కడే వదిలేశాడట. మిగిలింది ఫ్రేము, రెండు చక్రాలు. వరండాలో అడ్డంగా ఉన్నాయని వాటిని బావకు ఇచ్చేశాడు. ఆ రోజు సాయంత్రమే బావ నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్ది, సైకిల్ కడ్తున్న."

"కొనుక్కోరాదు బావా?"

"కొనుక్కునుడు ఎవలైన కొనుక్కుంటరు."

వెనుక నుంచి అక్క గొంతు వినబడింది. "ఇల్లు కట్టినట్టే చెప్తుండు సూడు. స్లాబు ఎప్పుడు ఏస్తడో అడుగు."

అక్కడినుంచి మొదలైంది. జగిత్యాల బడిలో నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ని. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయగానే ఫోన్ మోగేది. సీటు గట్టిదా, మెత్తదా? పెడలు ఇనుముదా, అల్యూమినియందా? ఫ్రేము పాలపిట్ట రంగులో ఉందని నేను అంటే, పాలపిట్ట కాదు, నెమలి కంఠమని గంటసేపు వాదించాడు. ఆ రంగుకు కలిసే బ్రేకు వైర్లు దొరకలేదని తెప్పించినవి రెండుసార్లు తిప్పి పంపాడు. గేర్ల చైను మాత్రం చూడకుండా తెప్పించాడు. అది సరిపోలేదు. "చైను రంగు బాగుంది గని" అన్నాడు.

హ్యాండిల్ దగ్గరికి వచ్చేసరికి మొత్తం ఆగిపోయింది.

సాపు హ్యాండిల్ తెచ్చి పెట్టి చూసుకున్నాడు. పాలవాళ్ల సైకిల్ లెక్క ఉందన్నాడు. కొంచెం పైకి లేచినది తెచ్చాడు. గాలి రొమ్ముకు తగులుతుందన్నాడు. గాలి గురించి ఫోన్‌లో చాలా వీడియోలు చూశాడు మరి. పందెం సైకిళ్లకు ఉంటుందే, గొర్రెపొట్టేలు కొమ్ముల్లా ముందుకు పోయి కిందికి వంగేది, ఆయన మనసంతా దాని మీదే. కానీ అది భుజాల వెడల్పుకు సరిపోవాలని ఎవరో చెప్పారు. ఇక జాకెట్లు కొలిచే టేపు పట్టుకుని కనబడినవాళ్ల భుజాలన్నీ కొలిచాడు. నావి కొలిచాడు. పక్క దుకాణం టైలరువి కొలిచాడు. ఒకసారి భార్య లేసు ఎంచుకుంటుంటే స్టూలు మీద కూర్చున్న ఒకాయన వెనక్కి వెళ్లి కొలుస్తున్నాడు.

"నాకు షర్టు వద్దన్నా" అన్నాడు ఆయన.

"షర్టు గాదు, హ్యాండిల్" అన్నాడు బావ, ఆ మాటతో అంతా అర్థమైపోయినట్టు.

ఆ కొమ్ముల హ్యాండిల్ చివరకు జగిత్యాలలోనే దొరికింది. బావ బస్సెక్కి వచ్చి దుకాణం బయటికి తెచ్చి ఎండలో చూశాడు. లోపల లైటు కింద చూశాడు. దుకాణంవాడు, "మాపటికి తొక్కుతరా సార్?" అని అడగకపోవడమే తక్కువ. నేను శనివారం అక్క దగ్గరికి వెళ్తున్నానని ఆయనతోపాటే బస్సెక్కాను. హ్యాండిల్‌ను కాగితంలో చుట్టించమంటే గీతలు పడతాయని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు వచ్చి దాన్ని, ఆయన్ను మార్చి మార్చి చూశాడు.

"గిది లేడీసా, జెంట్సా? లేడీసైతే ఫ్రీ. జెంట్సైతే టికెట్ కొట్టాలె."

బస్సంతా నవ్వింది. పక్క సీటులోని ముసలమ్మ మాత్రం నవ్వలేదు. వంగి పరీక్షగా చూసి, "కొమ్ములు మంచిగున్నయి బిడ్డా, బర్రె ఏది?" అని అడిగింది.

బావ ఏమాత్రం తగ్గలేదు. "ఇంటికాడ కట్టేసిన అవ్వా" అన్నాడు.

ఇంట్లో దాన్ని నేరుగా సైకిల్‌కు బిగించలేదు. ముందు కుర్చీ వీపుకు తాళ్లతో కట్టి, రెండు బ్రేకు లివర్లు అమర్చి, ఎదురుగా స్టూలు వేసుకుని వంగి పట్టుకుని కూర్చునేవాడు. నడుము అలవాటు పడాలట. అలాగే వంగి టీవీలో వార్తలు చూసేవాడు. "వార్తలు చదివేటాయన భయపడ్తుండు. జర నవ్వుమొకం పెట్టు" అనేది అక్క.

ఆ ఆదివారం నేను పక్కనే కూర్చుని చూశాను. కుడి చేత్తో లివర్ లాగితే గట్టిగా వస్తోంది. ఎడమ చేత్తో లాగినప్పుడల్లా చూపుడు వేలు, చిటికెన వేలు లివర్ మీదికి చేరుతున్నాయి కానీ బలం నిలవక జారిపోతున్నాయి. ఆయన మళ్లీ లాగేవాడు. మళ్లీ జారేది.

"రబ్బరు బాగలేదు" అన్నాడు.

నేను రబ్బరు తడిమి చూశాను. బాగానే ఉంది.

"కొంచెం వంకర కూడ ఉన్నట్టుంది. మార్శి వేరేది తేవాలె."

అప్పుడు నాకు అంతా తెలిసింది. పాలవాళ్ల సైకిల్, రొమ్ముకు తగిలే గాలి, భుజాల వెడల్పు, రంగు, అవన్నీ ఎందుకు వచ్చాయో తెలిసింది. చిక్కుడుకాయలు గిల్లుతున్న అక్క తలెత్తకుండానే అంది:

"రబ్బరు గాదు, వంకర గాదు. రెండు బ్రేకులు కుడిచేతికే పెట్టుకోరాదు."

బావ లేచి టీవీ గొంతు పెంచి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఆ వారమంతా నా డబ్బా అన్నం ప్రశాంతంగా తిన్నాను. ఆ ప్రశాంతత నాకు నచ్చలేదు. దుకాణంలో హ్యాండిళ్లు మూడూ మేకులకు వేలాడదీసి లేసులు ఆరేశాడని అక్క చెప్పింది.

ఆ పై వారం ఫోన్ మోగింది.

"బామ్మర్ది, ఒక్క లివరుకు రెండు వైర్లు పట్టేది ఉంటదట. ఒక్కసారి గుంజితే ముందుది, ఎనుకది రెండూ పట్టుకుంటయట. మంచిగాలోచన జేసి కనిపెట్టిన."

"ఎవరు కనిపెట్టిండ్రు బావా?"

"నేనే" అన్నాడు, గొంతులో చిన్న వణుకైనా లేకుండా.

సైకిల్ తయారైంది. చూడటానికి నిజంగా అందంగా ఉంది. పాలపిట్ట రంగో, నెమలి కంఠమో, దానికి నల్లటి కొమ్ములు. కుడి కొమ్ముకు లివరు. ఎడమ కొమ్ము ఖాళీ. "సిరిసిల్ల దాక పోయొస్త" అని బావ ప్రకటించాడు. అక్క చీపురు పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చింది.

"నా ముందట ఆగి చూపెట్టు. అప్పుడు పో."

"ఆగుతదే. అంగట్ల తెచ్చిందా ఏంది, నేను కట్టింది."

"అందుకే అంటున్న."

ఆమె గల్లీ మధ్యలోకి నడిచి ఇటు తిరిగి నిలబడింది. "ఆ మూలకాన్నుంచి నా మీదికి రా. ఆగినవా, సిరిసిల్ల పో. ఆగలేదా, ఇద్దరం దవాఖాన్ల కలుసుకుందాం."

"ఎవలన్న పెండ్లాం మీదికి సైకిల్ తోలుతరా?"

"ఇన్నేండ్ల సంది నా మీదికి లేస్తనే ఉన్నవ్ గద. సైకిల్ మీద అచ్చుటానికి ఏమైంది?"

గడపల్లో జనం చేరారు. బావ మూల దాకా వెళ్లి తిరిగి, కొమ్ముల మీద వంగి తొక్కుకుంటూ వచ్చాడు. అక్క కళ్లు తెరిచే ఉంది, కొంగు మాత్రం పిడికిట్లో బిగించింది. ఆమె చెయ్యి చాపితే అందేంత దూరంలో టైర్లు కర్రుమన్నాయి. సైకిల్ ఆగింది.

"చూసినవా?" అన్నాడు బావ, రొప్పుతూ.

"మెల్లగ అచ్చినవ్. మళ్లొకసారి, జోరుగ రా."

మళ్లీ వచ్చాడు. మళ్లీ ఆగాడు. అక్క కొంగు వదిలేసి, చీపురు తీసుకుని, ఏమీ జరగనట్టు వాకిలి ఊడ్చుకుంది.

ఆదివారం తెల్లవారాక బయలుదేరాం. ముందు బావ సైకిల్ మీద, వెనుక నేను స్కూటీ మీద. నా దగ్గర నీళ్లు, పంక్చరు సామాను, ఉడికించిన గుడ్లు, ఒక ప్యాంటు ఉన్నాయి. సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే బిగుతు చెడ్డీ ఒకటి తెప్పించుకున్నాడు. "గీ చెడ్డీల సిరిసిల్లల దిగమంటవా? ప్యాంటు నీ దగ్గరుండనీ" అన్నాడు.

కథలాపూర్ దాకా బాగానే ఉరికించాడు. రుద్రంగి దగ్గర దిగుడు వచ్చింది. అక్కడ ఎవరైనా గాలికి వదిలేస్తారు. బావ మాత్రం పొడుగునా లివరు నొక్కిపట్టి, నడిచిపోయే మనిషికి దారిచ్చేంత మెల్లగా దిగాడు. మోపెడ్‌కు కల్లు లొట్లు కట్టుకుని పోతున్న ఒక గౌడన్న పక్కకు వచ్చి, "బ్రేకు పట్టేసిందా అన్నా?" అని జాలిగా అడిగాడు.

"లేదు. నేనే పట్టిన" అన్నాడు బావ గర్వంగా.

వేములవాడలో ఆగి వెనక్కి తిరుగుతాం అనుకున్నాను. ముఖం ఎర్రబడింది, చొక్కా తడిసిపోయింది. "చాలు బావా" అన్నాను. ఆయన గుడ్డు తిని, నీళ్లు తాగి, "ఇంకింత దూరమే" అని మళ్లీ ఎక్కాడు. సిరిసిల్ల పొలిమేరలో ఒక కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ చాటున ప్యాంటు తొడుక్కున్నాడు. ఊళ్లోకి వచ్చాక చాయ్ హోటల్ దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. సాంచాల చప్పుడు వినబడే గల్లీలోకి తిప్పాడు. మా అక్క పెళ్లి నాటినుంచి ఆయన ఆ వైపు తిరగడం నేను చూడలేదు.

అన్న సాంచాల షెడ్డు ముందు దిగాడు. లోపలినుంచి ఆయన అన్న వచ్చాడు. బనీను మీద దూది నూగు, తల పూర్తిగా తెల్లబడింది. తమ్ముణ్ని చూసి, సైకిల్‌ను చూశాడు. చుట్టూ తిరిగాడు. ఎడమ కొమ్ము పట్టుకున్నాడు.

"గీ దిక్కు బ్రేకు లేదేంది తమ్మీ?"

బావ మెల్లగా ఏదో అన్నాడు. సాంచాల రొదలో నాకే వినబడలేదు. అన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏందీ?"

బావ గొంతు పెంచాడు. "గా దిక్కు వేళ్లు లేవు గద అన్నా."

ఎదురింటి అరుగు మీద నూలు కండెలు చుట్టుతున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. అన్న లోపలికి వెళ్లాడు. సాంచాలు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. గల్లీలో ఎవరింట్లోనో కుక్కరు కూత వినబడింది. ఆయన మళ్లీ వచ్చి తమ్ముడి ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు."

బావ జేబులోంచి ఎడమ చెయ్యి తీసి ఖాళీ కొమ్ము మీద పెట్టాడు. "రెండు బ్రేకులు కుడి చేతికే పెట్టుకున్న. నీ మరదలు చెప్పింది."

ఆ ఆలోచన అక్కదని ఆయన ఒప్పుకున్నది నేను అప్పుడే మొదటిసారి విన్నాను. అన్న ఆ చేతినే చూస్తున్నాడు.

"నువ్వు లేచినవనుకున్న రా" అన్నాడు. "అవతలికి పోయినవనుకొని స్విచ్చి ఏసిన."

"ఎర్కే అన్నా."

"ఎర్కనా?"

"గప్పుడే ఎర్క. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

పెద్దాయన ముఖం తుడుచుకున్నాడు. దూది నూగు కళ్లలో పడిందేమో. బావ ఆయన్ను చూడకుండా సీటు తట్టాడు.

"తొక్కుతవా?"

"నాతోని ఏమైతది రా గీ వయసుల."

అంటూనే లుంగీ ఎగ్గట్టాడు. గల్లీ చివరిదాకా ఊగుతూ పోయాడు. వచ్చేటప్పుడు ఊగలేదు. మళ్లీ పోయాడు. షెడ్డులో కార్మికులు బయటికి వచ్చి ఈలలు వేశారు. ఆ ఆదివారం సాంచాలు మధ్యాహ్నం దాకా నడవలేదు. బావ వదినె చేసిన కోడికూర తిని, ఇక వెళ్దామని మేం లేస్తే, సైకిల్ కనబడలేదు. పెద్దాయన దాని మీద కొత్త బస్టాండ్ దాకా వెళ్లాడట. వచ్చాక కూడా దిగలేదు.

"వారం ఉండనీయి తమ్మీ. నేనే తెచ్చిస్త."

"సీటు జర ఎత్తు లేపుకో. నా కొలతకు కట్టిన" అన్నాడు బావ. అంత కష్టపడి కట్టిన సైకిల్‌ను వదిలేసి నా స్కూటీ వెనుక ఎక్కాడు.

తిరుగు దారిలో వేములవాడలో చాయ్ తాగుదామని ఆపాను. బండి దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. నేను గ్లాసులు తెచ్చి ఒకటి అందిస్తే, ఆయన కుడి చేత్తో నుదురు తుడుచుకుంటూ ఎడమ చెయ్యి చాపి అందుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ గ్లాసు, కింద చిటికెన వేలు ఆసరా. అలాగే పట్టుకుని, పోయే వచ్చే బస్సులు చూస్తూ, మెల్లగా తాగాడు.

నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏం చూస్తున్నవ్ బామ్మర్ది? తాగు, సల్లగైతది" అన్నాడు.